సెగగడ్డ మానిన తర్వాత

గురువారం సాయంత్రం కబడ్డీ ప్రాక్టీసులో తలుపులమ్మ రైడ్‌కి వెళ్లి, మధ్యగీత దాటి నాలుగడుగులు వేసి కూత ఆపేసింది. ఎవరూ పట్టుకోలేదు. తనంతట తానే ఆగి, ఎడమ తొడని మోకాలికి కాస్త పైన రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

"ఏటయిందే?" అంది పుష్పవతి, నోట్లోంచి విజిల్ తీసి.

"ఏటీ నేదు మేడం. నరం పట్టేసినట్టున్నాది."

పుష్పవతి నర్సీపట్నంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పీఈటీ. వయసు నలభై రెండు. ఒకప్పుడు ఆమె కూడా జిల్లా జట్టుకి ఆడింది. రాష్ట్ర పోటీలకి పేరు వచ్చిన ఏడాదే పెళ్లి కుదరడంతో ఆట ఆగిపోయింది. పదిహేడేళ్ల ఉద్యోగంలో తలుపులమ్మ లాంటి రైడర్ ఆమె చేతికి దొరకలేదు. పదిహేనేళ్ల పిల్ల, బక్కపలచగా ఉంటుంది. ఎదుటివాళ్ల చెయ్యి తన మీద పడేలోపు నడుము మెలితిప్పి గీత దగ్గర ఉంటుంది. వచ్చే శనివారం అనకాపల్లిలో జిల్లా సెలెక్షన్లు. ఈ పిల్ల రాష్ట్రానికి ఆడుతుందని పుష్పవతి ఎవరితోనూ అనలేదు గానీ, రోజుకి పదిసార్లు మనసులో అనుకుంటోంది.

ఆమె తలుపులమ్మని పక్కన కూర్చోబెట్టి, తొడ మీద నొప్పి స్ప్రే కొట్టి, చేత్తో నొక్కింది. ఒకచోట నొక్కగానే పిల్ల పళ్లు బిగబట్టింది గానీ పైకి ఏమీ అనలేదు.

"రేపటికి తగ్గిపోతాదిలే," అంది పుష్పవతి.

ఆ నెల మొదట్లో జట్టులో ముగ్గురికి సెగగడ్డలు లేచాయి. ఒకమ్మాయికి చంకలో, ఒకమ్మాయికి పిర్ర మీద, తలుపులమ్మకి ఎడమ మోకాలి పక్కన. వానలు తెరిపిచ్చి ఎండలు కాశాయి కదా, ఒంట్లో వేడి చేసి ఉంటుందని అందరూ అనుకున్నారు. మజ్జిగ తాగండి, సబ్జాగింజలు నానబెట్టుకుని తాగండి అని పుష్పవతే చెప్పింది. స్కూల్లో మోకాళ్లకి తొడుక్కునే నీక్యాపులు ఆరు జతలే ఉన్నాయి. పన్నెండు మంది పిల్లలు వాటినే మార్చి మార్చి తొడుక్కుంటారు. చెమటతో తడిసినవి తడిసినట్టే ఆటసామాన్ల గదిలో మేకుకి వేలాడదీస్తారు. ముఖాలు తుడుచుకోవడానికి ఉన్న తువ్వాళ్లు రెండే. వాటి గురించి ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

తలుపులమ్మ సెగగడ్డకి వాళ్లమ్మ నూకరత్నం వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, ముదిరిందనుకున్న రోజున రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కి చీము అంతా తీసేసి, పసుపు అద్దింది. నాలుగు రోజులకి పుండు ఎండి పైన చెక్కు కట్టింది. వారానికి మచ్చ మాత్రం మిగిలింది. దాని సంగతి ఇంట్లోనూ మర్చిపోయారు, స్కూల్లోనూ మర్చిపోయారు.

శుక్రవారం తలుపులమ్మ స్కూలుకి రాలేదు. మధ్యాహ్నం పుష్పవతి ఫోన్ చేస్తే నూకరత్నం తీసింది.

"జొరం ఒచ్చింది మేడం గారూ. ఒల్లు కాలిపోతంది. మా ఊరి డాక్టరు ఇంజీసను సేసేడు. మాత్తర్లు కూడా ఇచ్చేడు. ఇప్పుడు సెమట్లు పట్టి తగ్గింది."

వాళ్ల ఊరు పన్నెండు కిలోమీటర్ల దూరంలో, కొండల్లోంచి వచ్చే గెడ్డ వాగు అవతల ఉంది. ఊరి డాక్టరంటే మోటారు సైకిల్ మీద తిరిగి ఇంజక్షన్లు చేసే మనిషి.

"కాలెలా ఉంది?"

"నొప్పంటంది. ఆటల్లో బెనికి ఉంటాది గదండీ."

"అవును. బెణుకే," అంది పుష్పవతి.

శనివారం పొద్దున తలుపులమ్మ స్కూలుకి వచ్చేసింది. బస్సు దిగి గేటు దాకా నడిచేసరికి ముఖం పాలిపోయింది. కళ్ల కింద నల్లగా ఉంది. పుష్పవతి గమనించింది. గమనించి కూడా, వారమే ఉంది కదా అనుకుంది.

"ఆడగలవా?"

"ఆడతాను మేడం. జొరం నేదు."

"నిజం చెప్పు. నొప్పుందా?"

"కొంచెం."

"కొంచెం అయితే ఓర్చుకోవాలి. అనకాపల్లిలో నొప్పి ఉందంటే ఎవరూ ఆగరు."

మళ్లీ స్ప్రే కొట్టింది. తొడకి గట్టిగా క్రేప్ బ్యాండేజీ చుట్టింది. చుడుతున్నప్పుడు చర్మం వేడిగా తగిలింది. ఎండలో నడిచి వచ్చింది కదా అనుకుంది. తలుపులమ్మ ఆరు రైడ్లు చేసింది. ఏడోసారి గీత దగ్గర పడిపోయి, లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది. పుష్పవతి అప్పుడు విజిల్ ఊది ఇంటికి పంపేసింది.

సోమవారం తెల్లవారకముందు నుంచి ఏజెన్సీ కొండల మీద ముసురు పట్టింది. పట్నంలో కూడా వాన పడుతూనే ఉంది. తలుపులమ్మ రాలేదు. ఫోన్ కలవలేదు. అదే రోజు జట్టులో ఇంకో పిల్ల, పదమూడేళ్ల లక్ష్మీదేవి, ముంజేతి మీద నిమ్మకాయంత గడ్డతో వచ్చింది. చుట్టూ ఎర్రగా కమిలిపోయి ఉంది. ఇది మజ్జిగతో పోయేది కాదని తోచి, పుష్పవతి ఆ పిల్లని స్కూటీ వెనకాల కూర్చోబెట్టుకుని పక్క వీధిలోని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లింది.

డాక్టర్ లక్ష్మీసాహితి అక్కడికి వచ్చి ఏడాదే అయింది. ముప్ఫై ఏళ్లుంటాయి. తక్కువ మాట్లాడే మనిషి. గడ్డ కోసి, చీము తీసి, అందులో కొంచెం దూదిపుల్లతో తీసి గొట్టంలో పెట్టి ల్యాబ్‌కి పంపించి, కట్టు కడుతూ అడిగింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"ఇంట్లో కాదండీ. మా జట్టులో ముగ్గురికి వచ్చి తగ్గిపోయాయి. ఒంట్లో వేడి అనుకున్నాం."

డాక్టర్ చేతులు ఆగాయి. "వేడి కాదండీ. దీన్ని స్టాఫ్ అంటారు. కంటికి కనపడని క్రిమి. మన ముక్కుల్లో, చర్మం మీద మామూలుగానే ఉంటుంది. చర్మం బాగున్నంతకాలం ఏమీ చెయ్యదు. గీసుకుపోయినచోట, ఒరుసుకుపోయినచోట లోపలికి దిగుతుంది. ఒకరి తువ్వాలు ఒకరు వాడితే, తడిబట్టలు మార్చుకుంటే ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. మీ పిల్లలు ఏమైనా పంచుకుంటున్నారా?"

"నీక్యాపులు," అంది పుష్పవతి. "తువ్వాళ్లు కూడా."

"సరే, అవి ఆపించండి. ఆ ముగ్గురూ ఇప్పుడు బాగున్నారా? జ్వరం గానీ, ఎక్కడైనా ఎముక నొప్పి గానీ, కుంటడం గానీ?"

బయట వాన రేకుల మీద పడుతున్న చప్పుడు గదంతా నిండింది.

"ఒకమ్మాయికి ఉంది," అంది పుష్పవతి. "గురువారం నుంచి. మోకాలి పైన. జ్వరం కూడా వచ్చింది. బెణుకనుకున్నాను. శనివారం ఆడించాను."

డాక్టర్ కుర్చీలోంచి లేచింది. "గడ్డ ఎక్కడ వచ్చింది?"

"అదే మోకాలికి. పది పన్నెండు రోజులయింది. వాళ్లమ్మ నొక్కి తీసేసింది."

"చూడండి మేడం. సెగగడ్డంటే మన ఒళ్లు ఆ క్రిమిని ఒకచోట కట్టడి చేసి ఉంచడం. నొక్కినా, నొక్కకపోయినా ఒక్కోసారి అది రక్తంలోకి జారుకుంటుంది. చాలావరకు రక్తంలోనే చచ్చిపోతుంది. చావకపోతే ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది. ఎదిగే పిల్లల్లో మోకాలి దగ్గర ఎముక చివర రక్తం నెమ్మదిగా తిరుగుతుంది. అక్కడ కూర్చోవడం దానికి సులువు. ఎముక లోపల చీము పడుతుంది. పైకి ఏమీ కనపడదు. నొప్పి ఒక్కటే. అక్కడ ఆగకపోతే ఊపిరితిత్తులకీ, గుండెకీ వెళ్తుంది." ఆమె గోడ గడియారం వైపు చూసింది. పదకొండున్నర. "ఆ అమ్మాయిని ఇప్పుడే తీసుకురండి. రేపు కాదు."

లక్ష్మీదేవిని ఆటోలో స్కూలుకి పంపించి, పుష్పవతి వానలోనే స్కూటీ తీసింది. చెరకు తోటల మధ్య రోడ్డు నిండా నీళ్లు. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి దానికి అడ్డంగా వేసిన కాజ్‌వే రోడ్డు మీదుగా చీలమండ లోతున ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. కొండల మీద పడిన వాన ఇంకా కిందికి దిగుతోంది. బండి ఆపి ఆలోచిస్తే దాటలేనని తెలిసి, ఆగకుండా దాటేసింది.

తలుపులమ్మ ఇంట్లో నడవలో మంచం మీద పడుకుని ఉంది. పక్కన నాయనమ్మ రామాయమ్మ తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది. నూకరత్నం పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"నిన్నటేల నుంచి మాటాడ్డం మానేసింది మేడం గారూ. అడిగితే ఊ అంటంది. డాక్టరు మల్లీ ఇంజీసను సేసేడు. ఈసారి జొరం దిగనేదు."

పుష్పవతి మంచం పక్కన కూర్చుంది. పిల్ల ఊపిరి గబగబా, పైపైన తీస్తోంది. పెదాలు ఎండిపోయాయి. "తలుపులూ," అని పిలిస్తే కళ్లు తెరిచింది గానీ ఎవరో పోల్చుకున్నట్టు లేదు. పుష్పవతి దుప్పటి తీసి చూసింది. ఎడమ తొడ కుడి తొడకంటే బాగా లావెక్కి ఉంది. చర్మం బిగుసుకుని మెరుస్తోంది. మోకాలి పక్కన సెగగడ్డ మచ్చ మాత్రం ఏమీ ఎరగనట్టు పొడిగా ఉంది. చెయ్యి ఆనించబోతే, స్పృహలో లేదనుకున్న పిల్ల మంచం పట్టె పట్టుకుని మూలిగింది.

"ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇప్పుడే," అంది పుష్పవతి.

తలుపులమ్మ తండ్రి సింగన్న పొలం నుంచి అప్పుడే వచ్చాడు. తలమీద యూరియా సంచి గొంగడిలా కప్పుకుని ఉన్నాడు. గుమ్మంలో నిలబడి ఆమెనే చూశాడు.

"మీరే గదండీ ఆడించేరు," అన్నాడు. గొంతు పెంచలేదు. "శనివారం కుంటుకుంటా ఇంటికొచ్చింది. నేను సూసేను."

"నేనే ఆడించాను," అంది పుష్పవతి. "తప్పు నాది. ఆ మాట తర్వాత ఎంతైనా అందురు గాని. ముందు పిల్లని తీసుకెళ్దాం సింగన్న గారూ. ఆలస్యమైతే దక్కదంటున్నారు."

ఆ చివరి మాట డాక్టర్ అనలేదు. కానీ డాక్టర్ లేచి నిలబడ్డ తీరు ఆమె కళ్లలోనే ఉంది.

రామాయమ్మ తడిగుడ్డ గిన్నెలో పడేసింది. "ఒరే సింగన్నా, మేడంతో తగువెందుకురా. బేగి బండి సూడు."

వీధి చివర ఆటో ఉంది గానీ గెడ్డ పేరు చెప్పగానే ఆటో అతను తల అడ్డంగా ఊపాడు. 108కి ఫోన్ చేస్తే బండి ఏజెన్సీ వైపు వెళ్లిందని, గంట పడుతుందని, కాజ్‌వే మీద నీళ్లుంటే అవతల గట్టు దాకే వస్తుందని చెప్పారు. సింగన్న ఇక మాట్లాడకుండా పక్కింటి చిట్టిరాజు దగ్గరికి పరిగెత్తాడు. చిట్టిరాజుకి ట్రాక్టరుంది. అయిదు నిమిషాల్లో ట్రక్కు తగిలించి తెచ్చాడు. పిల్లని మంచంతో సహా ట్రక్కులోకి ఎక్కించారు. నూకరత్నం, పుష్పవతి చెరో పక్కన కూర్చుని మీద టార్పాలిన్ పట్టుకున్నారు. సింగన్న మంచం కోళ్లు కదలకుండా కాళ్లు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

పుష్పవతి దాటి గంట కాలేదు. ఇప్పుడు కాజ్‌వే అంచు రాళ్లు కనపడటం లేదు. పక్కనున్న కర్ర గుర్తుల్ని బట్టి రోడ్డు ఎక్కడుందో ఊహించుకోవాలి. చిట్టిరాజు బండి ఆపి, దిగి, కర్రతో నీళ్ల లోతు చూసి వచ్చాడు.

"మోకాలి దాటింది. లాగుడు గట్టిగా ఉన్నాది. ఎల్దామా, ఆగుదామా సింగన్నా?"

సింగన్న కూతురి వైపు చూశాడు. "పోనీ," అన్నాడు.

ట్రాక్టరు నీళ్లలోకి దిగింది. నీళ్లు చక్రాల ఇరుసుని తాకాయి. నడిమధ్యకి వచ్చేసరికి ట్రక్కు ఒక పక్కకి జరిగినట్టయి, నూకరత్నం పిల్ల మీద వాలిపోయి గట్టిగా పట్టుకుంది. చిట్టిరాజు గేరు మార్చలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఇంజను చప్పుడు ఒకే తీరుగా వస్తున్నంతసేపూ పుష్పవతి ఊపిరి బిగబట్టే ఉంది. ముందు చక్రాలు గట్టెక్కి, ట్రక్కు ముక్కు పైకి లేచినప్పుడు గానీ తన గోళ్లు అరచేతిలో దిగబడ్డాయని ఆమెకి తెలియలేదు.

అవతల ఎక్కడా అంబులెన్సు లేదు. చిట్టిరాజు ఆగకుండా పట్నం దాకా ట్రాక్టరు మీదే తీసుకొచ్చాడు.

లక్ష్మీసాహితి మెట్ల మీదే నిలబడి ఉంది. నాడి పట్టుకుని చూసి, నర్సుకి గబగబా చెప్పుకుంటూ లోపలికి నడిచింది. నాడి నూట నలభై కొడుతోంది. బీపీ పడిపోయింది. వేలికి తగిలించిన యంత్రం ఆక్సిజన్ తక్కువ చూపిస్తోంది. ముందు రెండు చేతుల నుంచి రెండు సీసాల్లోకి రక్తం తీసింది. ఆ తర్వాతే సెలైను, మందులు ఎక్కించడం మొదలుపెట్టింది.

"ముందు మందెయ్యండమ్మా, రగతం తర్వాత తీద్దురు," అన్నాడు సింగన్న ఆగలేక.

"మందు పడ్డాక తీస్తే ఏ క్రిమో దొరకదండీ. ఏదో తెలిస్తేనే ఏ మందుకి లొంగుతుందో తెలుస్తుంది. ఊళ్లో ఆయన ఏం మాత్రలిచ్చారు?"

నూకరత్నం కొంగు ముడి విప్పి చీటీ ముక్క, నాలుగు మాత్రలు చూపించింది. డాక్టర్ వాటిని చూసి పెదవి కొరుక్కుంది.

"మామూలు స్టాఫ్ అయితే మామూలు మందుకి లొంగుతుంది. ఇలా రెండు పూటలు, మూడు పూటలు వేసి ఆపేస్తూ వచ్చిన మందులకి అలవాటుపడిన రకం ఒకటుంది. అది లొంగదు. ఏదో తెలిసేసరికి రెండు రోజులు. అంత టైము మనకి లేదు. రెండు రకాలకీ వేసేస్తున్నాను. ఎముకలో చీము ఉంది, దాన్ని ఆపరేషన్ చేసి తియ్యాలి. నేను ఇక్కడ చెయ్యలేను. విశాఖ పెద్దాసుపత్రికి ఫోన్ చేశాను."

"బతుకుతాదా అమ్మా?" అంది నూకరత్నం.

డాక్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "దారిలో బీపీ నిలబడితే చాలా మేలు. అంతవరకే చెప్పగలను."

నర్సింగ్ హోమ్ అంబులెన్సులో పిల్లని ఎక్కించి, రక్తం సీసాలు, ఉత్తరం కూడా అందులోనే పంపించింది. తల్లిదండ్రులతో పాటు పుష్పవతి కూడా ఎక్కింది. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. హైవే ఎక్కేదాకా సైరను మోగుతూనే ఉంది. సెలైను గొట్టంలో చుక్కలు పడటం చూస్తూ సింగన్న మొత్తం దారిలో ఒకే ఒక్క మాట మాట్లాడాడు. "ఆ సుక్కలు ఆగకుండా సూడు బాబూ," అన్నాడు, అంబులెన్సులో ఉన్న అతనితో.

సాయంత్రానికి స్కానింగు అయింది. తొడ ఎముక కింది భాగంలోనూ, దాని మీది పొర కిందా చీము ఉంది. ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలున్నాయి. అంటే క్రిమి అక్కడికి కూడా వెళ్లిపోయింది. అప్పటికప్పుడే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. ఎముకకి చిన్న కన్నం పెట్టి, చీము కడిగి, గొట్టం ఉంచి కట్టు కట్టారు. గ్లాసున్నర చీము వచ్చిందని ఒక నర్సు చెప్పింది.

నూకరత్నం ఆ మాట విని గోడకి ఆనుకుని జారి కూర్చుంది.

"నేనే నొక్కేను మేడం గారూ," అంది. "ఈ సేతుల్తోనే. రగతం ఒచ్చేదాకా నొక్కేను. లోపలికి నేనే పంపించేసేను."

పుష్పవతి పక్కన కూర్చుంది. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలనిపించింది, కానీ అంతకుముందు తను దాచుకున్న మాట చెప్పాలి. సింగన్న వైపు తిరిగింది.

"శనివారం బ్యాండేజీ చుడుతున్నప్పుడు తొడ వేడిగా తగిలింది. నాకు తెలిసింది. తెలిసి కూడా ఎండ వల్ల అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు కావాల్సి వచ్చింది. ఆరు రైడ్లు చేయించాను."

"అది మీకు కొంచెమే నొప్పని సెప్పుంటాది," అన్నాడు సింగన్న. "నాక్కూడా అదే సెప్పింది. సెలెక్సన్లు పోతాయని. నేనూ నమ్మేను." తర్వాత లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడ్డాడు. క్షమించినట్టు ఆమెకి అనిపించలేదు. తిట్టినట్టూ అనిపించలేదు.

మంగళవారం జ్వరం దిగలేదు. మధ్యాహ్నానికి ఊపిరి మరీ కష్టమై ఐసీయూకి మార్చారు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. తలుపు అద్దంలోంచి కనపడేది ఒక చెయ్యి, మాస్కు మాత్రమే. పూటకి ఒకసారి ఒక మనిషిని లోపలికి రానిస్తున్నారు. లోపలికి వెళ్లిన ప్రతిసారీ నూకరత్నం కూతురి పాదం పట్టుకుని వేడి ఉందో తగ్గిందో చూసి వస్తోంది. ఉందని తల ఊపుతోంది.

బుధవారం పొద్దున హెడ్మాస్టరు జగదీశ్వరరావు ఫోన్ చేశాడు.

"ఎలా ఉందమ్మా పిల్ల? దేవుడి దయవల్ల తగ్గిపోతుందిలెండి. మరి జట్టు సంగతి? శనివారం అనకాపల్లి. మీరు రాలేకపోతే లెక్కల మాస్టార్ని పంపిస్తాను."

"జట్టు వెళ్లదు సార్."

"అదేంటి?"

"పిల్లలందర్నీ డాక్టర్ గారికి చూపించాలి. లక్ష్మీదేవికి ఇంకా మానలేదు. ఆ నీక్యాపులు, తువ్వాళ్లు పారెయ్యాలి. గడ్డ ఉన్న పిల్ల ఇంకో స్కూలు పిల్లల్ని పట్టుకుంటే వాళ్లకి అంటుకుంటుంది. తల్లిదండ్రులందరికీ చెప్పాలి. జ్వరం వస్తే, కాలు నొప్పంటే ఆగొద్దని చెప్పాలి."

"పుష్పవతి గారూ, కొంచెం నిదానించండి. స్కూల్లో ఏదో రోగం ఉందని బయటికి పొక్కితే రేపు పిల్లల్ని ఎవరు పంపిస్తారు? ఒకమ్మాయికి కాలు వాచింది. దానికి అందర్నీ బెదరగొట్టడం దేనికి?"

పుష్పవతి ఐసీయూ తలుపు వైపు చూసింది. "శనివారం నేను కూడా ఇలాగే అనుకున్నాను సార్," అంది. "మీరు చెప్పకపోతే నేను ఫోన్ చేసి ఒక్కొక్కరికీ చెప్తాను. నా ఉద్యోగం గురించి మీ ఇష్టం."

ఆ వరండాలోనే కూర్చుని, దగ్గరున్న నంబర్లన్నిటికీ చేసింది. పదకొండు ఇళ్లు. కొందరు భయపడ్డారు, ఒకాయన తిట్టాడు. ఏడో ఫోన్‌లో ఒక తల్లి, మా పిల్ల తుంటి దగ్గర గడ్డ లేచి నాలుగు రోజులయింది, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు అంది. ఇప్పుడే లక్ష్మీసాహితి గారి దగ్గరికి వెళ్లమని చెప్పి, వెళ్లారో లేదో గంటకి మళ్లీ ఫోన్ చేసి కనుక్కుంది.

ఆ సాయంత్రమే రక్తం రిపోర్టు వచ్చింది. పెద్ద డాక్టరు కాగితం చేత్తో పట్టుకుని బయటికి వచ్చి, ముగ్గుర్నీ పిలిచాడు.

"మొండి రకమే. మామూలు మందు దీని మీద అసలు పనిచెయ్యదు. నర్సీపట్నంలో ఆ డాక్టరమ్మ సోమవారమే రెండో మందు కూడా వేసింది కాబట్టి రెండు రోజులు కలిసొచ్చాయి. రిపోర్టు వచ్చేదాకా ఆగి ఉంటే ఇవాళ మనం ఈ మాటలు మాట్లాడుకునేవాళ్లం కాదు."

"అయితే గండం గడిసినట్టేనా బాబూ?" అన్నాడు సింగన్న.

"ఇంకా కాదు. సరైన మందే పడుతోంది. అది గెలవడానికి టైము కావాలి. క్రిమి గుండె కవాటాల మీద కూర్చుందేమో కూడా చూశాం. లేదు. అది మంచి వార్త."

గురువారం ఇంకోసారి ఆపరేషన్ గదికి తీసుకెళ్లి ఎముక కడిగారు. శుక్రవారం పొద్దున నూకరత్నం ఐసీయూలోంచి బయటికి వచ్చి, ఎప్పటిలా తల ఊపలేదు. గుమ్మంలో నిలబడి, కూతురి పాదం పట్టుకున్న చేతిని చూసుకుంటూ ఉండిపోయింది.

"సల్లగా ఉన్నాది," అంది.

పుష్పవతి గబుక్కున లేచింది. "చల్లగానా?"

"కాదండీ. మామూలుగా. మామూలుగా ఉన్నాది. నన్ను సూసి, అమ్మా, దాహం అంది."

సింగన్న అక్కడే నేల మీద కూర్చుని, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

ఆసుపత్రిలో మొత్తం మూడు వారాలు ఉన్నారు. ఆ తర్వాత ఇంకో నాలుగు వారాలు మాత్రలు. ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరు చెప్తే, నూకరత్నం గోడ మీద బొగ్గుతో పూటకో గీత పెట్టింది. ఎముకలో కన్నం పూడేదాకా ఆ కాలి మీద బరువు మోపకూడదు. మోపితే విరుగుతుంది. సంక్రాంతి వెళ్లి పరీక్షల కాలం వచ్చేదాకా తలుపులమ్మ చంకలో కర్రలతోనే నడిచింది. ఊపిరితిత్తుల్లో మచ్చలు నెమ్మదిగా తగ్గాయి. కాలు మాత్రం కాస్త సన్నబడింది.

జట్టు ఆ ఏడాది అనకాపల్లి వెళ్లలేదు. జగదీశ్వరరావు పుష్పవతితో రెండు నెలలు ముభావంగా ఉన్నాడు. ఇద్దరు పిల్లల్ని తల్లిదండ్రులు ఆట మానిపించారు. మిగిలినవాళ్లకి ఎవరి నీక్యాపులు వాళ్లవి, ఎవరి తువ్వాలు వాళ్లది. ప్రాక్టీసు అవగానే సబ్బుతో స్నానం. గీరుకుపోయిన చోట కట్టు లేకుండా ఎవరూ కోర్టులో దిగడానికి లేదు. కుంటుతూ వచ్చిన పిల్లని పుష్పవతి ఇప్పుడు ఆడగలవా అని అడగదు. ఎప్పటి నుంచి, ఎక్కడ, జ్వరం ఉందా అని అడుగుతుంది. పిల్ల ఏమీ లేదని చెప్పినా నమ్మదు. చెయ్యి వేసి చూస్తుంది.

మార్చి నెలాఖరులో విశాఖలో ఆఖరి ఎక్స్‌రే తీశారు. పుష్పవతి కూడా వెళ్లింది. ఈసారి సింగన్నే ఫోన్ చేసి, "మీరూ రండి మేడం గారూ, ఆల్లు సెప్పేవి మాకన్నా మీకు బాగా అర్తమవుతాయి," అన్నాడు. అయిదు నెలల్లో ఆయన తనంతట తాను ఆమెకి ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.

డాక్టరు ఫిల్మును వెలుతురుకి పట్టి చూసి, ఎముక పూడిందన్నాడు. నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, నెమ్మదిగా పరిగెత్తడం కూడా మొదలుపెట్టొచ్చు. కాంటాక్టు ఆటలు మాత్రం ఏడాది నిండేదాకా వద్దు. ఆ తర్వాత కూడా మళ్లీ ఎక్స్‌రే చూసి చెప్తానన్నాడు.

బయట వరండాలోకి వచ్చాక తలుపులమ్మ కర్రలు రెండూ తల్లి చేతికిచ్చి, గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేసింది. అయిదో అడుగుకి కాస్త ఒరిగింది, సర్దుకుంది. ముఖం నిండా చెమట.

"పరిగెట్టొచ్చన్నారు," అన్నాడు సింగన్న, పుష్పవతి వైపు చూడకుండా. "ఆడమన్నేదు."

"అన్లేదు," అంది పుష్పవతి. "నేనూ అనను. మీరు అన్నప్పుడే."

తలుపులమ్మ ఇద్దర్నీ చూసింది. మెట్ల దగ్గరికి వెళ్లి, రైలింగు పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి, ఎడమకాలు దాని పక్కకి దించింది. ఒక మెట్టు. సింగన్న గబగబా ముందుకెళ్లి కింది మెట్టు మీద నిలబడి చేతులు చాపాడు. ఆ పిల్ల ఆ చేతులు పట్టుకోలేదు. ఆయన వెనక్కి తీసుకోనూ లేదు. అలాగే ఒక్కొక్క మెట్టూ దిగుతూ ఇద్దరూ కిందికి వెళ్లారు. వెనకాల కర్రలు పట్టుకుని నూకరత్నం, ఎక్స్‌రే కవరు పట్టుకుని పుష్పవతి.